గడప అడిగిన పేరు

రోజు 398

నీళ్ళు: రెండు బిందెలు. తాళ్ళు: పది, అన్నీ బాగున్నాయి. జబ్బులు: లేవు.

పాత గది పుస్తకం నిన్నటితో అయిపోయింది. తెప్ప నడిపే సరంగు గారు కొత్తది ఇచ్చారు. రోజూ పైన ఆ మూడు ముక్కలూ రాస్తే చాలన్నారు. మిగిలిన జాగాలో ఏం రాసుకున్నా ఎవరూ చదవరట. అంత జాగా ఖాళీగా వదిలేయాలంటే నాకు మనసొప్పదు. అయిదో తరగతి దాకా చదివాను. అక్షరాలు గుండ్రంగా రాస్తానని మా పంతులమ్మ మెచ్చుకునేది. అందుకే రాస్తున్నాను.

అట్ట మీద ‘ఇంటి యజమాని పేరు’ అని ఒక గడి ఉంది. పాత దాని మీద రాసినట్టే ‘ఇంటాయన’ అని రాశాను. ఆ మాట వెనక ఒక సంగతి ఉంది. నాచు పెంచే ఈ తెప్ప ఎక్కిన రోజు కూడా నన్నే కాగితం నింపమన్నారు. భర్త పేరు ఎలా రాయను? ఇంటాయన అని రాసి ఇచ్చాను. పరదేశపు గుమాస్తా అదే పేరనుకుని పెద్ద చిట్టాలోకి ఎక్కించేశాడు. అప్పటి నుంచి ఈ తెప్ప మీద నలభై ఇళ్ళ వాళ్ళూ ఆయన్ని ‘మిస్టర్ ఇంటాయన’ అంటారు. ఆయన దిద్దించలేదు. నువ్వు పెట్టిన పేరే కదా, ఉండనీ అని నవ్వారు.

పొద్దున్న నాచు పెరిగే తాళ్ళు ఒక్కొక్కటే కొక్కెంతో పైకి లాగి, నాచు మీద పట్టిన మడ్డి, గుల్లలు తీసేస్తాను. మధ్యాహ్నం ఎండబెట్టిన నాచు తిరగేస్తాను. సాయంత్రం అయిదున్నరకి టీవీ. మన ఒడ్డు మీద అప్పుడే తెల్లవారుతుంది. మా ఒడ్డు వాళ్ళ చిన్న చానెల్లో నాచు పెంపకం గురించి ‘ఒడ్డు మాట’ వస్తుంది. నూకరత్నం గారు చెబుతారు. అరవై ఏళ్ళ మనిషి. నడుం లోతు నీళ్ళలో నిలబడి చెబుతారు. కెమెరా వైపు చూడరు, చేతిలో నాచు వైపే చూస్తారు. వేళ్ళతో కాకుండా అరచేతి వెనక వైపుతో నాచుని తాకుతారు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. నీళ్ళు నాలిక మీద వేసుకుని రుచి చెబుతారు. తెలియనిది అడిగితే తెలీదంటారు. టీవీలో కనబడే మనుషుల్లో ఆ మాట అనేవాళ్ళని నేనింకెవరినీ చూడలేదు.

రోజు 400

నీళ్ళు: రెండు బిందెలు. తాళ్ళు: పది, బాగున్నాయి. జబ్బులు: లేవు.

ఆయన పొద్దున్నే సముద్రంలో గంటలా వేలాడే గూట్లోకి దిగారు. పది రోజులకి గానీ పైకి రారు. మా తెప్పని కింది నుంచి లాగే నీటి తెరచాప చిరిగింది. అది ఎంత లోతున ఉందో నేను ఊహించలేను. గొలుసు పట్టుకుని వేలాడే ఇనప గూట్లో ఏడుగురు ఉంటారు. అక్కడే వండుకుని, అక్కడే పడుకుని, రోజూ బయటికి ఈదుతూ వెళ్ళి చిరుగు కుట్టి వస్తారు. వల కుట్టిన చెయ్యి కాబట్టి మొదటి కుట్టు ఆయనే వేయాలని సరంగు గారు పట్టుబట్టారు. ఆయన కుట్టు నాకు తెలుసు. మా గది తెరకి వేసిన అతుకు ఎక్కడుందో ఇప్పటికీ వెతుక్కోవాలి.

గూట్లోకి టీవీ బొమ్మ దిగుతుంది గానీ గూట్లోంచి మాట పైకి రాదు. ఆయన చిన్న టీవీ ఒకటి తీసుకెళ్ళారు. అది మా గది టీవీకి పిల్ల లాంటిది, ఇక్కడ ఏది తెరుచుకుంటే అక్కడా అదే వస్తుంది. మాటకి బదులు రోజూ సాయంత్రం ఆరింటికి గొలుసు మీద తడతారు. మూడు తట్లు వినబడితే అందరూ క్షేమం. సరంగు గారి గుడిసెలో గొట్టానికి చెవి ఆనించి వినాలి. నేనూ, పక్క గది గరికమ్మక్కా వెళ్ళాం. తెప్ప మీద తెలుగు వాళ్ళం మా రెండిళ్ళే. వాళ్ళాయన కూడా గూట్లోనే ఉన్నారు.

మూడు వినబడ్డాయి.

రోజు 401

నీళ్ళు: రెండు బిందెలు. తాళ్ళు: పది. ఆరో తాడు నాచుకి చివర్లు తెల్లబడ్డాయి. జబ్బులు: లేవు.

బియ్యపు గింజంత తెలుపు. పొద్దున్న చూస్తే నాలుగు మొక్కలకి. మధ్యాహ్నానికి పదకొండుకి. నూకరత్నం గారు చేసేట్టే అరచేతి వెనకతో తాకాను. చల్లగా, బిర్రుగా ఉంది. కాండం విరిస్తే టక్కుమంది.

సరంగు గారికి చెప్పాను. ఆయన పేరు అంతోణి. తమిళ ఒడ్డు మనిషి, పడవల మీద తిరిగి తెలుగు నేర్చుకున్నారు. నాచు జబ్బులు చెప్పే యంత్రాన్ని అడిగారు. అది ‘తెగులు’ అంది.

గొట్టంలో మూడు తట్లు.

రోజు 402

నీళ్ళు: రెండు బిందెలు. తాళ్ళు: పదింట్లో మూడు తెల్లబడ్డాయి. జబ్బులు: లేవు.

గరికమ్మక్క తాళ్ళకీ వచ్చింది.

ఇవాళ ‘ఒడ్డు మాట’ అయిపోవస్తుండగా నూకరత్నం గారు ఒక నాచు రెమ్మ పైకెత్తారు. చివర్లు తెల్లగా ఉన్నాయి. నేను పీట మీంచి లేచి నిలబడ్డాను. ఇది చూసి చాలామంది కోసి పారేస్తారు, తొందరపడొద్దు, వచ్చే ప్రశ్నల రోజున దీని సంగతి చెబుతానన్నారు. ప్రశ్నల రోజు వారానికి ఒకసారి. మా లెక్కలో 406వ రోజు.

నాలుగు రోజులే కదా అనుకున్నాను. చాలా ధైర్యంగా అనిపించింది. రాత్రికి ఎండు చేపల పులుసు పెట్టి గరికమ్మక్కకి కూడా పంపాను.

రోజు 403

నీళ్ళు: ఒకటిన్నర బిందె. తాళ్ళు: నాలుగు తెల్లబడ్డాయి. జబ్బులు: లేవు.

తెప్ప గీత దాటింది. ఒక దేశపు నీళ్ళలోంచి ఇంకో దేశపు నీళ్ళలోకి వచ్చాం. నీళ్ళకి ఏ తేడా లేదు. టీవీ మాత్రం నల్లబడింది.

ఈ సంగతి వివరంగా రాయాలి. ఏ దేశపు బొమ్మలు ఆ దేశపు గడప దాటకూడదని పెద్ద గొడవల తర్వాత దేశాలన్నీ ఒప్పుకున్నాయి. బయటికెళ్ళిన వాళ్ళు చూడాలంటే స్వదేశంలో అయినవాళ్ళ గుమ్మానికి ఒక గడప పెట్టె ఉండాలి. అది మన గొంతు గుర్తుపట్టి, వీళ్ళు మా ఇంటి మనుషులేనని సాక్ష్యం చెబితే బొమ్మ వస్తుంది. తెప్ప గీత దాటినప్పుడల్లా మళ్ళీ అడుగుతుంది. ఏం అడగాలో పెట్టె ఎవరింట్లో ఉందో వాళ్ళు పెట్టుకోవచ్చు.

మా పెట్టె మా ఆడపడుచు చిట్టెమ్మ వదిన గుమ్మానికి ఉంది. నల్లటి తెర మీంచి ఆవిడ గొంతే వచ్చింది, వెనకాల నవ్వుతో సహా.

“ఎవరెవరొచ్చారు? పేర్లు సెప్పి లోపలికి రండి.”

ఇది మా పెళ్ళి నాటి మాట. కొత్త జంట మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెడుతుంది. ఒకరి పేరు ఒకరు చెప్పి, మేమొచ్చామని చెబితేనే లోపలికి పంపుతుంది. ఆయన ఠక్కున చెప్పారు, “కాసులమ్మా నేనూ వచ్చాం” అని. నా వంతు వచ్చింది. నా పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. ఎండ మండుతోంది. చుట్టాలంతా నిలబడి ఉన్నారు. చివరికి అత్తగారే, పాపం వదిలేయవే అన్నారు. వదిన చెయ్యి తీసింది గానీ నా చెవి దగ్గర ఒక మాట అంది. “ఇయ్యాల ఒగ్గేత్తన్నాను. ఎప్పటికైనా నీ సేత సెప్పించకపోతే నా పేరు చిట్టెమ్మ కాదు.”

మేం తెప్ప ఎక్కేటప్పుడు పెట్టెలో ఆ ప్రశ్నే పెట్టింది. ఇద్దరిలో ఎవరైనా జవాబు చెప్పవచ్చు, రెండోవాళ్ళ పేరు చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆయనే చెప్పారు. నేను పక్కన నిలబడి విన్నాను.

ఆయన 410కి గానీ రారు.

మూడు తట్లు వినబడ్డాయి. ఆయన టీవీ కూడా నల్లబడే ఉంటుంది.

రోజు 404

నీళ్ళు: రెండు బిందెలు. తాళ్ళు: ఆరు తెల్లబడ్డాయి. జబ్బులు: లేవు.

పెట్టెతో పొద్దుటి నుంచీ వేగాను. “మా ఆయనా నేనూ వచ్చాం” అన్నాను. పేర్లు చెప్పి రమ్మంది. “మీ తమ్ముడూ నేనూ” అన్నాను. మళ్ళీ అదే. పేరు అచ్చువేసిన మా పెళ్ళి శుభలేఖ తెచ్చి తెర ముందు పెట్టాను. తర్వాత గుర్తొచ్చింది, దానికి చెవులే గానీ కళ్ళు లేవు.

గరికమ్మక్క వాళ్ళకి ఒడ్డున గడప పెట్టె లేదు, మా టీవీయే చూస్తుంది. ఆవిడ వచ్చి తను చెబుతానంది. తెర ముందు కూర్చుని, గొంతు సన్నగా చేసి, నాలాగా తలొంచుకుని మరీ చెప్పింది. పెట్టె చాలాసేపు ఆలోచించినట్టు ఊరుకుని, “ఈ గొంతు మా ఇంటిది కాదు” అంది. అక్క నొచ్చుకుంది. ఈ గొంతుతో నలుగురు పిల్లలకి జోల పాడానంది.

వదినకి చెబుదామంటే ఉత్తరాల కట్ట వారానికి ఒకసారే పోతుంది. ఆకాశం నుంచి ఇక్కడికి బొమ్మ ధారగా దిగుతుంది గానీ, ఇక్కడి నుంచి పైకి ఒక ఊపిరికి సరిపడే మాటే పోతుంది. అది పెట్టెకో, చానెలుకో చేరుతుంది, అంతే.

మూడు తట్లు.

రోజు 405

నీళ్ళు: ఒక బిందె. తాళ్ళు: ఎనిమిది తెల్లబడ్డాయి. జబ్బులు: లేవు, కానీ అన్నం దిగలేదు.

సరంగు గారు అందరినీ పిలిచారు. తెప్ప మొత్తం నాలుగు వందల తాళ్ళు. రెండు వందల పది తెల్లబడ్డాయి. ఎల్లుండి పొద్దున్న కోసి ముంచేయమని యంత్రం చెప్పిందట. సగానికి పైగా ముంచితే తెప్ప నిలవదు, విప్పేస్తారు. మగవాళ్ళని ముత్యపు చిప్పల ఓడకి, ఆడవాళ్ళని నాచు ఎండబెట్టే ఓడకి పంపుతారు. ఒప్పందంలో ఇంకా రెండేళ్ళు మిగిలి ఉంది. ఆ రెండేళ్ళూ ఆ రెండు ఓడలూ ఒకచోట ఆగవు.

ఆయన పైకి వచ్చేసరికి నా సామాను కట్టి ఉంటుంది.

తిరిగి వస్తూ నేను అక్కతో చెప్పాను, తెల్లబడ్డదానికి ఏం చేయాలో నూకరత్నం గారు రేపు చెబుతారని. అక్క దారి మధ్యలో ఆగిపోయింది.

“ఒలే కాసులూ, మొగుడి పేరు సెప్పలేక మొగుణ్ణే ఒగ్గేసుకుంటావేటే?”

ఆయన నీళ్ళలో ఉన్నారక్కా అన్నాను.

అక్క మళ్ళీ నడక మొదలెట్టింది. ఆవిడదీ మా ఒడ్డే కాబట్టి తెలుసు. భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అన్ని ఊళ్ళలోనూ అంటారు. మా ఒడ్డున ఇంకో మాట కూడా ఉంది. మగవాడు వేటలో ఉండగా పెళ్ళాం నోట పేరు పడితే సముద్రం ఆ పేరు నేర్చుకుంటుంది. నేర్చుకుంటే పిలుస్తుంది. మా అమ్మ నాన్నని ‘కాసులు నాన్నా’ అనే పిలిచేది, ఒడ్డు మీద ఉన్నప్పుడు కూడా.

మూడు తట్లు. ఇవాళ గొట్టం దగ్గర నుంచి చాలాసేపు లేవలేదు.

రోజు 406

నీళ్ళు: రెండు బిందెలు. తాళ్ళు: పదీ తెల్లబడ్డాయి. జబ్బులు: లేవు.

పొద్దున్న తాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నాలిక మీద వేసుకున్నాను. చప్పగా ఉన్నాయి. సముద్రపు నీళ్ళు చప్పగా ఉండటం ఎప్పుడూ ఎరగను. కొక్కెం కర్రకి చెంబు కట్టి లోతు నుంచి తీసి చూశాను. అవి ఉప్పగానే ఉన్నాయి. దూరంగా మంచు కొండ ఒకటి తేలుతూ కనబడుతోంది. దీని గురించి నూకరత్నం గారిని అడగాలి. వినడమే కాదు, అడగాలి. ప్రశ్నల రోజు ముగ్గురికే అవకాశం. గడప లోపలి వాళ్ళకే.

అయిదుంబావుకి టీవీ ముందు కూర్చున్నాను. అక్క పక్కన కూర్చుంది.

“ఎవరెవరొచ్చారు? పేర్లు సెప్పి లోపలికి రండి.”

అప్పుడు నాకు ఒక సంగతి తోచింది. ఆయన పేరు ఆయన తాతగారిది. వాళ్ళ పడవ ముక్కు మీద పెద్ద తెల్లటి అక్షరాలతో రాసి ఉండేదట. ఆ పడవ ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద తిరిగింది. అలలు రోజూ ఆ అక్షరాలనే తడిపాయి. తాతగారు తొంభై ఏళ్ళు బతికి మంచం మీద పోయారు. సముద్రానికి ఆ పేరు నాకంటే ముందే వచ్చు. రానిది నాకే.

“కొర్లయ్యా నేనూ వచ్చాం” అన్నాను.

“వినబడలేదు” అంది పెట్టె.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి నిలబడ్డాను. తెప్ప అవతలి చివర నాచు తిరగేస్తున్న వాళ్ళు తలెత్తి చూశారని తర్వాత తెలిసింది.

“కొర్లయ్యా నేనూ వచ్చాం.”

తర్వాత చిట్టెమ్మ వదిన గొంతు వచ్చింది. ఆయన చెప్పినప్పుడు ఎప్పుడూ వచ్చే మాట కాదిది. నా గొంతు కోసమే వేరేగా దాచిపెట్టి ఉంచిందన్నమాట, ఇన్ని రోజులూ.

“వచ్చావా తల్లీ. రా. కుడికాలు పెట్టు.”

తెర తెల్లబడి, మన ఒడ్డు కనబడింది. నూకరత్నం గారు నడుం లోతు నీళ్ళలో ఉన్నారు. చివర్లు తెల్లబడ్డ రెమ్మ చేతిలో ఉంది. మన ఒడ్డున నీళ్ళు వేడెక్కితే ఇలా అవుతుందని, నీడలోకి లాగాలని చెబుతున్నారు. మా నీళ్ళు వేడివి కావు. ఇద్దరు అడిగేశారు. మూడోవారికి పిలుపు రాగానే మీట నొక్కాను. ఇందాకటి దానితో పోలిస్తే ఇది కష్టమే కాదు.

“ఎవరమ్మా నువ్వు? ఎవరింటి మనిషివి?” అన్నారు.

“సూరాడ కొర్లయ్య గారి భార్యని. కాసులమ్మని. దక్షిణ సముద్రంలో తెప్ప మీంచి.”

ఊపిరి అయిపోయింది. నూకరత్నం గారు నాచు మీంచి తలెత్తారు. ఇన్నాళ్ళలో మొదటిసారి కెమెరా వైపు చూశారు. అంటే నా వైపు.

“సెప్పమ్మా.”

“చివర్లు తెల్లబడ్డాయి. మా నీళ్ళు చల్లనివి.” ఆగి మళ్ళీ నొక్కాను. “కాండం టక్కున విరుగుతోంది. పైన నీళ్ళు చప్పగా ఉన్నాయి. లోతున ఉప్పగా ఉన్నాయి. దగ్గర్లో మంచు కొండ ఉంది.”

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. టీవీలో అంత నిశ్శబ్దం ఎవరూ ఉంచరు. ఆవిడ ఉంచారు.

“సల్లటి నీళ్ళలో నాచుని నేనెప్పుడూ సూడలేదు. నాకు తెలీదమ్మా” అన్నారు.

అక్క నా చెయ్యి పట్టుకుంది.

“తెలిసినకాడికి సెప్తాను. సప్పటి నీరు తేలిక, పైనే ఉంటాది. టక్కున ఇరిగిందంటే దానికింకా పేణం ఉన్నట్టే. రెండు తాళ్ళు ఒక నిలువు కిందకి దించు. ఏడు రోజులు సెయ్యెట్టకు. మిగతాయి కొయ్యనీకు. బతికితే నాకు సెప్పు. సచ్చినా సెప్పు, నానూ నేర్సుకుంటాను.”

అంతే. ఆవిడ మళ్ళీ నాచు వైపు తిరిగారు.

ఆరయింది. గొట్టం దగ్గరికి పరుగెత్తాం. చెవి ఆనించాను. ఏమీ లేదు. ఆరుంబావు. ఏమీ లేదు. గొలుసు కిర్రుమనడం తప్ప ఏమీ లేదు. నాలుగు వందల రోజుల్లో గూట్లోకి దిగినవాళ్ళు ఒక్కసారీ ఆలస్యం చేయలేదని సరంగు గారు అన్నారు. నన్ను చూసి ఆ మాట అని ఉండకూడదనుకున్నట్టున్నారు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. అక్క నాతో ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఆరున్నర. నా నోట్లో ఆ పేరు ఇంకా ఉప్పగా ఉన్నట్టే ఉంది.

ఆరూ ముప్పావుకి గొట్టం దద్దరిల్లింది. మూడు కాదు, లెక్క లేదు. ఇనుము మీద డప్పు వాయించినట్టు. సరంగు గారు నన్ను పక్కకి జరిపి తను విన్నారు. ముఖం ఏమీ అర్థం కానట్టు పెట్టారు. ఆగిపోయింది. కాసేపటికి నెమ్మదిగా, విడివిడిగా మూడు తట్లు వచ్చాయి.



రోజు 407

నీళ్ళు: ఒక బిందె. తాళ్ళు: రెండు ఒక నిలువు కిందకి దించాం. ఎనిమిది పైనే. జబ్బులు: లేవు.

కోతకి కత్తులు బయటికి తీశారు. నేను పై నీళ్ళు చెంబుతో ముంచుకుని సరంగు గారి దగ్గరికి వెళ్ళాను. మాట్లాడటానికి కాదు, మాటలు వెతుక్కునే లోపు కోత మొదలైపోతుందని చెంబు చాపాను. ఆయన ఒక గుక్క పుచ్చుకుని ఉమ్మేశారు. మళ్ళీ కొంచెం తీసుకుని నోట్లో ఉంచుకున్నారు. యంత్రం నీళ్ళ బాగోగులు చూసే తీగ ఎంత లోతున ఉంటుందని అడిగాను. మూడు నిలువుల కిందన్నారు. అన్నాక ఆగిపోయారు. అక్కడ నీళ్ళు ఉప్పగానే ఉంటాయి కదా.

“ఇన్నేళ్ళు దాని మాటే వింటిని. దానికి నాలిక లేదమ్మా” అన్నారు.

మీ పది తాళ్ళూ దించుకోమన్నారు. నేను రెండే అన్నాను. మిగతావి పైన ఉంటేనే తేడా తెలుస్తుంది. నూకరత్నం గారు చెప్పింది అదే. కోత ఏడు రోజులు ఆపారు. అంతకు మించి ఆపితే తన టోపీ పోతుందట.

నేనూ అక్కా కలిసి తేలే బెండ్లు తీసి, బరువుకి గుండ్లు కట్టి, రెండు తాళ్ళు దించాం. నీళ్ళు చేతులు కొరికేశాయి. అక్క పని చేసినంతసేపూ ఒకటే మాట, ఇంత గొంతు నీలో ఎక్కడ దాచావే అని.

రోజు 410

నీళ్ళు: మూడు బిందెలు, ఆయన స్నానానికి ఒకటి ఎక్కువ. తాళ్ళు: రెండు కింద, ఎనిమిది పైన. జబ్బులు: లేవు.

ఆయన వచ్చారు. చిక్కారు, వేళ్ళు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి. తెరచాప నిండుగా ఉబ్బిందట. అన్నం పెట్టాను. సగం తిని, కంచంలోకి చూస్తూ మొదలుపెట్టారు.

నల్లబడ్డ చిన్న టీవీని ముందు పెట్టుకుని ఏడుగురూ భోంచేస్తున్నారట. ఉన్నట్టుండి వెలిగింది. బొమ్మ కంటే ముందు నా గొంతు వచ్చిందట. కాసేపటికి నూకరత్నం గారితో మాట్లాడుతూ మళ్ళీ ఆ పేరు చెప్పాను కదా. గూట్లో వాళ్ళు, ఎవరీ కొర్లయ్య, మన తెప్ప మీద లేడే అని చర్చ పెట్టారట. గరికమ్మక్క వాళ్ళాయన ముసిముసిగా నవ్వుతున్నారు గానీ చెప్పడం లేదట. అందరూ మిస్టర్ ఇంటాయన వైపు తిరిగారట, నీ భార్య గొంతే కదా అని.

“నేనేనన్నాను. అప్పుడు చెంచాలతో, కడ్డీలతో గొలుసు మీద వాయించడం మొదలెట్టారు. నాకు ఆరింటి సంగతి గుర్తే లేదు” అన్నారు.

నాకు ఆ ముప్పావు గంట ఎలా గడిచిందో చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నారు.

“ఇంకోసారి అను” అన్నారు.

పొయ్యి మీద పాలు చూడాలని లేచి వెళ్ళాను. పొయ్యి మీద పాలు లేవు.

రోజు 414

నీళ్ళు: రెండు బిందెలు. తాళ్ళు: కింద రెండు, చివర్లు గోధుమరంగుకి తిరిగాయి. పైన ఎనిమిది, ఇంకా తెల్లబడ్డాయి. జబ్బులు: లేవు.

తెప్ప మీద వాళ్ళంతా చుట్టూ నిలబడగా ఆయన తాడు పైకి లాగారు. తెల్లటి చివర్ల పక్కనుంచి కొత్త మొలకలు వచ్చాయి, చీమ తలంత, తేనె రంగులో. సరంగు గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. కత్తులు లోపల పెట్టించారు. మధ్యాహ్నం నుంచి నలభై ఇళ్ళ వాళ్ళూ తాళ్ళు దించుతున్నారు. మా ఎనిమిదీ దించేశాం. అన్నీ బతకవు, కొన్ని పోతాయి. తెప్ప మాత్రం విప్పరు.

నూకరత్నం గారికి ఉత్తరం రాశాను. బతికాయని, ఎన్ని మొలకలో, ఏ రంగో, ఎన్నో రోజుకో అన్నీ రాశాను. మీకు తెలీదని మీరు అనకపోతే నేను నమ్మేదాన్ని కాదేమో అని కూడా రాశాను. ఆ ముక్క కొట్టేద్దామనుకుని ఉంచేశాను.

ఉత్తరాల కట్టలో చిట్టెమ్మ వదిన ఉత్తరం వచ్చింది. ఒడ్డు మీద వలలు బాగుచేసుకునే వాళ్ళందరూ ఆ పొద్దున ‘ఒడ్డు మాట’ వింటున్నారట. సూరాడ కొర్లయ్య గారి భార్యనని నేను అనగానే అత్తగారు చేతిలో చేపల తట్ట కింద పెట్టేశారట. మన గుమ్మంలో నలుగురి ముందు చెప్పమంటే చెప్పలేదు, ఇప్పుడు జిల్లా అంతటికీ చెప్పిందని నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకున్నారట. చివర్లో వదిన రాసింది, “పెట్టెలో ప్రశ్న మార్చమంటావేటి?” అని. వద్దని రాశాను. వచ్చే వారం ఇంకో గీత దాటుతాం.

ఆయన తాళ్ళ దగ్గర ఉన్నారు. ఈ పుస్తకం అట్ట ముందుకి తిప్పి, ‘ఇంటాయన’ మీద ఒక గీత కొట్టి, కింద రాశాను. సూరాడ కొర్లయ్య.

అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.